మార్కులు పెరిగాయి, లెక్క తేలలేదు: ఒక ఉమ్మడి పరీక్ష కేసు

ప్రశ్నపత్రాలు తయారుచేయడం, ఫలితాలను విశ్లేషించడం నా వృత్తి. 19 ప్రభుత్వ బడులున్న ఒక చిన్న విద్యా పరిధిలో దాదాపు నాలుగేళ్లు సాగిన పనిని ఇక్కడ రాస్తున్నాను. ప్రాంతం, బడులు, మనుషులు ఎవరో తెలియకుండా వివరాలు తీసేశాను. కొన్ని అంకెలను కాస్త అటూ ఇటూ చేశాను, ధోరణిని మాత్రం మార్చలేదు. ఇందులో నేను రెండుసార్లు దారి తప్పాను. ఈ కేసు రాయడానికి అసలు కారణం ఆ రెండు తప్పులే.

నేపథ్యం

అక్కడ 3 నుంచి 8వ తరగతి దాకా పిల్లలందరూ ఏడాదికోసారి లెక్కల్లోనూ, చదివి అర్థం చేసుకోవడంలోనూ ఉమ్మడి పరీక్ష రాయాలి. పేపరుకు 40 ప్రశ్నలు, అన్నీ నాలుగు ఆప్షన్లవే. మార్కుల్ని 100కి లెక్కగట్టి, 50 వస్తే పాస్ అనేవారు. బడి సగటు, పాసైనవారి శాతం కలిపి ర్యాంకులిచ్చేవారు. జాబితా అందరికీ తెలిసేలా ప్రకటించేవారు. పైనున్న బడికి ప్రశంసాపత్రం, కిందున్న బడికి సంజాయిషీ అడుగుతూ లేఖ వెళ్లేవి.

మూడేళ్లలో 5వ తరగతి లెక్కల సగటు 48 నుంచి 63కి చేరింది. కార్యాలయం సంబరపడింది. పై తరగతుల టీచర్లు మాత్రం ఒప్పుకోలేదు. మంచి మార్కులతో వచ్చిన పిల్లలే 1/2కి 1/3 కలపమంటే 2/5 అంటున్నారని గొడవపెట్టారు. అప్పుడు నన్ను పిలిచి ఒకే మాట అడిగారు: "పేపర్ మరీ సులువైపోయినట్టుంది. కాస్త కఠినం చేసి పెట్టండి."

అసలు సమస్య ఏమిటి

అడిగిన పని అడిగినట్టు చేసేస్తే నాకు నెలరోజుల్లో అయిపోయేది. కానీ మార్కులు పెరగడానికి పేపర్ సులువవడం ఒక్కటే కారణం కానక్కర్లేదు. పిల్లలు నిజంగానే నేర్చుకుని ఉండొచ్చు. ఎవరో పిల్లల తప్పు జవాబుల్ని చెరిపి ఒప్పులుగా దిద్ది ఉండొచ్చు. పాఠం పక్కనపెట్టి పేపర్నే నేర్పి ఉండొచ్చు. ఏ కారణమో తెలియకుండా మందు వేస్తే రోగం ఇంకో రూపంలో వస్తుంది.

దిద్దుబాటు అనుమానాన్ని ముందు తీర్చుకున్నాను. అమెరికాలోని అట్లాంటా నగరంలో ఇలాంటి వ్యవహారమే బయటపడి, 2011 నాటి విచారణ నివేదికలో 44 బడుల్లో 178 మంది ఉపాధ్యాయులు, ప్రిన్సిపాళ్లు దొరికిపోయారు. అక్కడ అనుమానం రేపినవి జవాబుపత్రాల మీద తప్పును చెరిపి ఒప్పు దిద్దిన గుర్తులు. మేమూ ఆ గుర్తుల్నే లెక్కపెట్టాం. ఏ బడిలోనూ అసాధారణంగా ఏమీ కనబడలేదు. ఈ మాట కార్యాలయానికి వెంటనే రాతపూర్వకంగా ఇచ్చాను. లేకపోతే తర్వాత టీచర్లెవరూ నాతో మనసు విప్పి మాట్లాడేవారు కాదు.

పేపర్ సులువైందా అన్న ప్రశ్నకు అక్కడున్న సమాచారంతో జవాబు చెప్పడమే కుదరలేదు. ఏటా 40 ప్రశ్నలూ కొత్తవే. ఒక ఏడాది పేపరును ఇంకో ఏడాది పేపరుతో ముడివేసే ఉమ్మడి ప్రశ్న ఒక్కటీ లేదు. ఏటా కొలబద్దను మారుస్తూ పిల్లవాడు పొడుగయ్యాడని చెబుతున్నారన్నమాట. మూడేళ్లుగా అందరూ చర్చించుకుంటున్న 48, 63 అనే అంకెల్ని అసలు పక్కపక్కన పెట్టి చూడకూడదు.

పాత పేపర్లు ముందేసుకుని కూర్చుంటే ఇంకో సంగతి తేలింది. ఒక పేపర్లో 40 ప్రశ్నలకుగాను 17 చోట్ల అన్నిటికన్నా పొడవైన ఆప్షనే సరైన జవాబు. యాదృచ్ఛికంగా అయితే 10 దగ్గర ఉండాలి. ప్రశ్న రాసేవాళ్లు సరైన జవాబును తప్పుపట్టడానికి వీల్లేకుండా రాయాలని పదాలు పెంచుకుంటూ పోతారు, తప్పు ఆప్షన్లను తొందరగా ముగిస్తారు. ఈ కిటుకు పిల్లలకు తెలుసా అని ఒక బడిలో అడిగితే క్లాసంతా నవ్వింది.

అప్పుడు జంట ప్రశ్నలు రాశాను. ఒకే నైపుణ్యం, రెండు రూపాలు: ఒకటి పేపర్లో ఎప్పుడూ వచ్చే తీరులో, రెండోది పిల్లలు చూడని తీరులో. దీర్ఘచతురస్రం వైశాల్యమే తీసుకోండి. పేపర్లో ఎప్పుడూ రెండు భుజాల మీదే అంకెలుంటాయి, 8, 5 అని. గుణిస్తే 40. రెండో రూపంలో నాలుగు భుజాల మీదా అంకెలు వేశాను. ఆకారం అదే, వైశాల్యం అదే. చాలామంది నాలుగూ కలిపి 26 అన్నారు, కొందరు నాలుగూ గుణించడానికి పూనుకున్నారు. చదివే పేపర్లో "ఈ పేరా ప్రధాన భావం ఏమిటి" అన్న ప్రశ్నకు జవాబు ఎప్పుడూ మొదటి వాక్యంలోనే దొరికేది. నేను దాన్ని చివరి వాక్యానికి జరిపాను.

ఆరు బడుల్లో 214 మంది 5వ తరగతి పిల్లలకు ఇవి ఇచ్చాం. అలవాటైన రూపంలో ప్రతి పదిమందిలో ఏడుగురు సరిగ్గా చేస్తే, అలవాటులేని రూపంలో నలుగురే చేశారు. ర్యాంకుల్లో పైనున్న బడుల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ.

అంతకన్నా ఎక్కువగా నాకు కళ్లు తెరిపించింది ఒక టీచర్ గారి నోటుపుస్తకం. పిల్లల పేర్ల పక్కన మార్కులు, వాటిలో కొన్నిటికి టిక్కు. టిక్కులన్నీ 40కి 50కి మధ్యనున్న పేర్లకే. దాచే ప్రయత్నమేమీ చేయకుండా చెప్పింది ఆవిడ: "వీడికి 46 సార్, నెలరోజులు కూర్చోబెడితే గీత దాటేస్తాడు. వాడికి 20. ఎంత చెప్పినా దాటడు. నాకున్నది నెలరోజులే కదా." ఆవిడ లెక్కలో తప్పేం లేదు. పాస్ శాతం పెంచమని అడిగితే తెలివైనవాళ్లు ఎవరైనా అదే చేస్తారు.

మొదటి ప్రయత్నం: పేపర్ మార్చడం

టీచర్లు ఎలాగూ పరీక్షకే పాఠం చెబుతున్నారు కాబట్టి, పాఠంలా ఉండే పరీక్ష పెడితే సరిపోతుందనుకున్నాను. పావు వంతు ప్రశ్నల్ని ఆప్షన్లు లేకుండా, పిల్లలు తమ ఆలోచనను రాసే ప్రశ్నలుగా మార్చాను. ఒక్కోటి 4 మార్కులది.

దిద్దడం దగ్గరే దెబ్బతింది. 60 జవాబుపత్రాలను ఇద్దరేసి టీచర్లతో విడివిడిగా దిద్దించి చూస్తే, 17 పత్రాల్లో ఒకే ప్రశ్నకు 2 మార్కులో అంతకంటే ఎక్కువో తేడా వచ్చింది. తప్పు వాళ్లది కాదు. "ఆలోచనను బాగా వివరిస్తే 2 మార్కులు" అని, దిద్దేవాళ్లకిచ్చిన మార్కుల సూచికలో నేనే రాశాను. బాగా అంటే ఎంత బాగానో ఎవరికి తెలుసు? ఫలితాలు రావడానికి పది వారాలు పట్టింది. అప్పటికి పిల్లలు పై తరగతికి వెళ్లిపోయారు.

రెండో ఏడాది జవాబులు చూసి నేను నీరుగారిపోయాను. బడి తర్వాత బడిలో ఒకటే మూస: "ముందుగా ఇచ్చిన వివరాలను గమనించాను. తర్వాత సరైన ప్రక్రియను ఎంచుకున్నాను. కాబట్టి నా జవాబు సరైనది." ఒక పిల్ల ఈ మూడు వాక్యాలూ గుండ్రని అక్షరాలతో రాసి, కింద తప్పు జవాబు పెట్టింది. దిద్దినవాళ్లు వివరణకు 2 మార్కులిచ్చారు. ఆలోచన కూడా బట్టీ పట్టే వస్తువైపోయింది. పేపర్ రూపాన్ని మార్చానుగానీ, ఆ పేపర్ మీద వేలాడుతున్న ర్యాంకును, లేఖను, భయాన్ని అలాగే వదిలేశాను.

రెండో ప్రయత్నం: నెలనెలా పరీక్ష

ఇది త్వరగానే చెప్పేస్తాను, ఎందుకంటే త్వరగానే కూలిపోయింది. ఏడాదికి ఒక పెద్ద పరీక్ష బదులు నెలకో చిన్నది పెడితే టెన్షన్ తగ్గుతుందని, టీచర్లకు సమాచారం సకాలంలో అందుతుందని అనుకున్నాం. మార్కుల్ని ట్యాబులో ఎక్కించమన్నాం. మూడో నెలకల్లా కార్యాలయంలో నెలవారీ ర్యాంకుల జాబితా గోడకెక్కింది. నాలుగో నెల నుంచి బడులన్నీ సులువైన ప్రశ్నలే ఎంచుకున్నాయి. ఏడాదికోసారి ఉన్న టెన్షన్‌ను నెలనెలా చేశామంతే.

మలుపు

ఈసారి ప్రశ్నలు రాయడం ఆపి, ఈ ఫలితాన్ని ఎవరు దేనికి వాడుతున్నారో ఒక కాగితం మీద రాయమని అందరినీ అడిగాను. ఏ పిల్లవాడికి ఏది రాలేదో చూడటానికని టీచర్లు రాశారు. పనిచేయని బడులను పట్టుకోవడానికని కార్యాలయం రాసింది. మా వాడు ఎక్కడున్నాడో తెలుసుకోవడానికని తల్లిదండ్రులు. శిక్షణకు డబ్బు ఎక్కడ పెట్టాలో తేల్చడానికని బడ్జెట్ చూసేవాళ్లు. అన్నీ న్యాయమైన అవసరాలే. కానీ మొదటిది జరగాలంటే పిల్లవాడి తప్పు బయటపడాలి, రెండోది ఉన్నచోట తప్పు బయటపడితే టీచరుకు నష్టం. ఒకే పేపరు ఈ రెండు పనులూ చేయలేదు.

ఇదేం కొత్త విషయం కాదు. ఇంగ్లండులో 1862లో తెచ్చిన నిబంధనలతో, తనిఖీ అధికారి ముందు పిల్లలు చదవడం, రాయడం, లెక్కలు ఎలా చేశారన్నదాన్ని బట్టి బడికి గ్రాంటు ఇచ్చేవారు. బడులు ఆ మూడింటి చుట్టూ ముడుచుకుపోయాయి. 1890లలో ఆ పద్ధతిని వదిలేశారు. ఒక అంకె మీద పెద్ద నిర్ణయాలు ఆధారపడేకొద్దీ ఆ అంకె పాడవుతుందని, అది కొలవాల్సిన పనినీ పాడుచేస్తుందని అమెరికా సామాజిక శాస్త్రవేత్త డొనాల్డ్ క్యాంప్‌బెల్ 1970లలో సూత్రీకరించాడు. అదే దేశం 2002లో 3 నుంచి 8వ తరగతి దాకా ఏటా పరీక్షలు తప్పనిసరి చేసి, 2014కల్లా పిల్లలందరూ నిర్దేశిత స్థాయికి చేరాలని చట్టంలో రాసుకుంది. చేరలేదు. 2015లో కొత్త చట్టం తెచ్చి, బడుల మీద ఏ చర్య తీసుకోవాలో నిర్ణయించే అధికారాన్ని చాలావరకు రాష్ట్రాలకు వదిలేశారు.

అయితే మనం మరవకూడని విషయం ఒకటుంది. ఆ 2015 చర్చలో ఏటా పరీక్షలు ఉండాలని గట్టిగా పట్టుబట్టినవాళ్లలో పౌరహక్కుల సంఘాలున్నాయి. సగటు మాటున పేద పిల్లలు, వైకల్యమున్న పిల్లలు, ఇంట్లో వేరే భాష మాట్లాడే పిల్లలు కనబడకుండా పోతారన్నది వాళ్ల భయం. పరీక్షలు మొత్తంగా ఎత్తేయమని మా టీచర్లలో కొందరు అడిగినప్పుడు నేను ఒప్పుకోకపోవడానికి కారణం ఇదే.

పనిచేసింది

పనిని రెండుగా చీల్చాం.

వ్యవస్థను కొలిచే పరీక్షకు నమూనా మా ముందే ఉంది. అమెరికాలో 1969 నుంచి జరుగుతున్న జాతీయ విద్యా మదింపులో ఒక్కో విద్యార్థి మొత్తం ప్రశ్నల్లో ఒక భాగమే రాస్తాడు. పిల్లవాడికి మార్కులుండవు, బడికి ర్యాంకు ఉండదు. వాళ్లు పిల్లల్లోనూ కొందరినే ఎంచుకుంటారు. మా 19 బడుల్లో అలా ఎంచుకుంటే చిన్న వర్గాల పిల్లలు మరీ తక్కువమంది మిగిలేవారు. అందుకే పిల్లల్ని ఎంచలేదు, ప్రశ్నల్ని పంచాం. 4, 7 తరగతుల్లో పిల్లలందరూ రాస్తారు. 96 ప్రశ్నలు, పన్నెండేసి చొప్పున 8 కట్టలు. ఒక్కొక్కరికిచ్చే బుక్‌లెట్‌లో రెండు కట్టలు, అంటే 24 ప్రశ్నలే. ప్రతి కట్టా రెండు వేర్వేరు బుక్‌లెట్లలో వచ్చేలా గొలుసు కట్టాం, అన్నిటినీ ఒకే కొలమానం మీదికి తేవడానికి. మూడో వంతు ప్రశ్నల్ని బయటపెట్టకుండా మళ్లీ వచ్చే ఏడాదికి దాచాం. జంట ప్రశ్నల్నీ కలిపాం. పక్కపక్కన కూర్చున్న ఇద్దరి పేపర్లు వేరు కాబట్టి కాపీ బెడద పోయింది. ఏ 24 వస్తాయో తెలియదు కాబట్టి పేపర్నే నేర్పడానికి వీల్లేదు.

రెండోది టీచర్ చేతిలోని పరీక్ష. ఒకే అంశం మీద ఆరేడు ప్రశ్నలు, ఆప్షన్లతోనే. నేను మొదట చిన్నచూపు చూసిన ఆప్షన్లకే మళ్లీ వచ్చాను, కాకపోతే ప్రతి తప్పు ఆప్షన్నూ పిల్లలు నిజంగా చేసే తప్పుతో కట్టాను. 302 నుంచి 178 తీసేయమంటే: 124, 276, 134, 480. జవాబు 124. 276 పెట్టినవాడు ప్రతి స్థానంలో పెద్ద అంకెలోంచి చిన్న అంకెను తీసేస్తున్నాడు, అప్పు తెచ్చుకోవడమే తెలియదు. 134 పెట్టినవాడికి అప్పు తెలుసు, సున్నా మీదుగా తెచ్చుకున్నాక పదుల స్థానంలో 9 మిగలాలన్నది మరిచాడు. 480 పెట్టినవాడు ప్రశ్న చదవకుండా కూడేశాడు. ముగ్గురివీ తప్పులే, ముగ్గురికీ సున్నా మార్కులే, కానీ మర్నాడు పొద్దున్న ముగ్గురికీ చెప్పాల్సిన పాఠం వేరు.

ఈ రెండో పరీక్ష మార్కుల్ని ఎక్కడా నమోదు చేయకూడదని, కార్యాలయం అడగకూడదని నా షరతు. దీనికి రాతపూర్వకంగా ఒప్పించడానికి ఐదు నెలలు పట్టింది. ప్రశ్నలు రాయడం కన్నా ఇదే కష్టం. "లెక్క చూడకపోతే వాళ్లు పనిచేస్తారని నమ్మకమేంటండీ?" అన్నారు ఒక అధికారి. నమ్మకం గురించి వాదించకుండా ఆయన జాబితానే తెమ్మన్నాను. చిన్న బడుల్లో 5వ తరగతిలో పదహారు మందే ఉన్నారు. పిల్లల మార్కుల ప్రామాణిక విచలనం, అంటే మార్కులు సగటుకు అటూ ఇటూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత, దాదాపు 20. దాన్ని 16 వర్గమూలంతో, అంటే 4తో భాగిస్తే 5. టీచర్ అదే, బోధన అదే అయినా, ఆ ఏడు ఏ పదహారు మంది వచ్చారన్నదాన్ని బట్టే సగటు 5 మార్కులు అటూ ఇటూ ఊగుతుంది. రెండేళ్ల సగటుల మధ్య తేడా అయితే 7 దాకా. ఆయన జాబితాలో 3వ ర్యాంకుకీ 14వ ర్యాంకుకీ మధ్య తేడా 6 మార్కులు. ఒక బడి వరుసగా మూడేళ్లలో 4, 15, 3 స్థానాల్లో ఉంది. ఆ బడికి ప్రశంసాపత్రం, సంజాయిషీ లేఖ, మళ్లీ ప్రశంసాపత్రం వెళ్లాయి. మూడింటి మీదా సంతకం ఆయనదే. టీచర్లూ మారలేదు. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ తర్వాతి వారం ఫైలు కదిలింది.

జవాబుదారీ ఉండాలన్న మాటను మాత్రం నేను కాదనలేదు. వేరే బడుల నుంచి ఇద్దరు అనుభవజ్ఞులు వచ్చి రెండు రోజులుండి, పిల్లల నోటుపుస్తకాలు చూసి, హెడ్మాస్టర్‌తో కూర్చుని మాట్లాడే పద్ధతి పెట్టాం. ఖర్చు ఎక్కువే. వాళ్ల నివేదికలన్నీ ఒకే నాణ్యతతో ఉండవు, కొన్ని పొగడ్తలతో సరిపెడతాయి.

కుదరనివి

రెండేళ్ల తర్వాత లెక్కల్లో అలవాటైన రూపానికీ లేనిదానికీ మధ్య తేడా ప్రతి పదిమందికి ముగ్గురి నుంచి ఒకరికి తగ్గింది. చదివే పేపర్లో దాదాపు ఏమీ మారలేదు. తీసివేతలో తప్పును విడదీసినట్టు, పేరా అర్థంకాకపోవడాన్ని విడదీయలేకపోయాను. పిల్లవాడికి పదం తెలియదా, విషయమే తెలియదా, వాక్యం చివరికొచ్చేసరికి మొదలు మరిచిపోతున్నాడా? నాలుగు ఆప్షన్లు ఈ తేడా చెప్పవు. దీన్ని మళ్లీ మొదలుపెట్టాల్సి వస్తే టీచర్ పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కొక్కరితో గట్టిగా చదివించడంతోనే మొదలుపెడతాను, ప్రశ్నపత్రంతో కాదు.

తల్లిదండ్రుల్లో కొంతమందికి మేమిచ్చిన ఒక పేజీ నివేదిక నచ్చలేదు. మీ బాబుకు ఇవి వచ్చు, ఇవి ఇంకా రావాలి అని అందులో రాస్తాం. "అది సరే, ర్యాంకెంత?" అని అడుగుతారు. వాళ్లకు సంతృప్తికరమైన జవాబు నా దగ్గర ఇప్పటికీ లేదు. పై తరగతుల్లో సీటుకు ర్యాంకే అడుగుతున్నప్పుడు ఆ ప్రశ్న అడగడం వాళ్ల తప్పూ కాదు.

క్రమం కూడా నేను తప్పాను. ఫలితం మీద వేలాడే నిర్ణయాలను ముందు విడదీసి, ఆ తర్వాత ప్రశ్నల జోలికి వెళ్లుంటే కనీసం ఏడాదిన్నర కలిసొచ్చేది. ప్రశ్నలు రాయడం నాకు వచ్చిన పని కాబట్టి అక్కడ మొదలుపెట్టాను.

చివరిసారి వెళ్లినప్పుడు ఆ నోటుపుస్తకం టీచర్ గారు కనబడ్డారు. 20 మార్కుల పిల్లవాడి కాగితాలు రెండు తీసి బల్ల మీద పెట్టారు. మొదటిదాంట్లో 302లోంచి 178 తీసేస్తే 276. తొమ్మిది రోజుల తర్వాతిదాంట్లో 134.

"తప్పు మారింది సార్," అంది ఆవిడ. మొహం వెలిగిపోతోంది. "దీన్ని ఎక్కడ రాయాలి?"

ఎక్కడా రాయనక్కర్లేదన్నాను. ఆవిడ రెండు కాగితాలూ కలిపి పిన్ను కొట్టి, నోటుపుస్తకంలో పెట్టుకుంది.